మూడు తరాల నవలలో పోలమ్మ దేవత కాకుండా మనిషిగా ఎలా నిలబడుతుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది. నవల 1938లో మొదలై 2015 చెన్నై వరదలతో ముగుస్తుంది. మద్రాసులో స్థిరపడిన తెలుగు బట్టల వర్తకుల కుటుంబం, షావుకారుపేట నుంచి టి.నగర్ బంగళా దాకా మూడు తరాలు. నెల్లూరు పక్క పల్లె నుంచి తొమ్మిదేళ్ల పిల్లగా వచ్చిన పోలమ్మ ఆ ఇంట్లోనే ముసలిదైపోతుంది. చిత్తుప్రతి చదివినవాళ్లు రెండు మాటలు అన్నారు: పోలమ్మ మరీ దేవతలా ఉంది, ధనిక-పేద గురించి రాసిన పేజీలన్నీ ఉపన్యాసంలా ఉన్నాయి. ఏం చేయాలని మీరు అడిగారు.

ఈ రెండు ఫిర్యాదులకూ మూలం ఒక్కటే. పోలమ్మ ఆ ఇంట్లో ఎందుకు ఉండిపోయిందో మీరు లెక్క కట్టలేదు. "విశ్వాసం" అని ఒక మాట రాసి ముందుకు పోయారు. ఆ మాట వదిలిన ఖాళీని పూడ్చడానికే ఉపన్యాసం అవసరమైంది. పోలమ్మకు ఆ ఇల్లు ఎంత బాకీ, ఆ ఇంటికి పోలమ్మ ఎంత బాకీ, బయటికి పోతే ఏ తలుపు తెరుచుకుంటుంది అన్నవి ఏ ఏటికి ఆ ఏడు తెలిస్తే సన్నివేశాలు వాటంతటవే వస్తాయి.

ముందు వయసులు సరిచూసుకోండి. ఒక పెద్ద కాగితం మీద నిలువు గళ్లు గీయండి: సంవత్సరం, పోలమ్మ వయసు, ఇంటావిడ సుభద్రమ్మ వయసు, పోలమ్మ రాత్రి ఎక్కడ పడుకుంటుంది, ఆమె సొంతవాళ్లలో ఎవరు బతికున్నారు, జీతం ఎంతవరకు ముట్టింది. 1938లో తొమ్మిదేళ్లంటే పుట్టింది 1929. సుభద్రమ్మ 1944లో పదిహేనేళ్ల కొత్త కోడలిగా వచ్చిందని మీరే రాశారు. అంటే ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు. చిత్తుప్రతిలో ఈ సంగతి ఎక్కడా కనబడదు, పోలమ్మ మొదటి నుంచీ పెద్దదానిలా మాట్లాడుతుంది. మీ నవలలో ఉన్న గొప్ప సరుకు ఇదే, దాన్ని పారేసుకున్నారు. పదిహేనేళ్ల పిల్ల ఇంకో పదిహేనేళ్ల పిల్లని "అమ్మగారూ" అని పిలవాలి. అయితే ఉప్పు ఏ జాడీలో ఉందో, అత్తగారికి ఏ పూట కోపం వస్తుందో, మామగారు ఎన్నింటికి కొట్టు కట్టేసి వస్తారో తెలిసింది పోలమ్మకే. ఆరేళ్ల సర్వీసు ఆమెది. మొదటి ఏడాదంతా కోడలు పోలమ్మ మీద ఆధారపడి బతుకుతుంది. ఆ తర్వాత ఎప్పుడో ఒకరోజు ఆ ఆధారపడటం తలకిందులవుతుంది. ఆ రోజు ఏదో మీరు తేల్చాలి. తాళంచెవుల గుత్తి అత్తగారి నడుము నుంచి కోడలి నడుముకి మారిన రోజు అయితే నాకు సబబుగా తోస్తుంది.

తర్వాత, వెళ్లిపోయే అవకాశాలు. కనీసం మూడుసార్లు పోలమ్మ ముందు తలుపు తెరిచి పెట్టండి. ప్రతిసారీ ఉండిపోవడానికి వేరే కారణం ఉండాలి. మద్రాసు చరిత్రే మీకు రెండు తలుపులు ఇస్తోంది. మొదటిది 1942 ఏప్రిల్. కొలంబో మీదా, విశాఖ, కాకినాడల మీదా జపాను బాంబులు పడ్డాక మద్రాసు సగం ఖాళీ అయింది, ప్రభుత్వ ఆఫీసులే లోపలి ఊళ్లకు తరలిపోయాయి. మీ కుటుంబం చిత్తూరు బంధువుల ఇంటికి పోతుంది. పదమూడేళ్ల పోలమ్మను వెంట తీసుకెళ్లారా, ఇంటి కాపలాకి వదిలి వెళ్లారా? మీరు తీసుకెళ్లినట్టు రాశారు. వదిలి వెళ్లినట్టు రాసి చూడండి. గుమాస్తా ముసలాయన ముందు గదిలో, ఈ పిల్ల వంటింటి వసారాలో, వీధంతా తాళాలు. ఆ పిల్ల మొదటిసారి హాల్లో కుర్చీలో కూర్చుంటుంది. కూర్చుని ఏమీ చేయనక్కర్లేదు.

రెండోది 1953. అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు మనకు దక్కలేదు. మీ పెద్దాయన "మద్రాసు మనదే" అని ఊరేగింపుల్లో తిరిగినట్టు రాసిన అధ్యాయం బాగుంది. అదే వారంలో పోలమ్మ అన్న వచ్చి, ఊళ్లో రెండు గుంటల నేల కౌలుకి దొరికింది, వచ్చెయ్యమంటాడు. పెద్దాయనకి రాష్ట్రం పరువు, పోలమ్మకి రైలు చార్జీ. ఒకే వసారాలో రెండు మాటలూ నడవనివ్వండి, ఒకదాన్ని ఇంకొకటి వినిపించుకోకుండా. ఆమె వెళ్లదు. ఎందుకంటే మూడేళ్ల కూతురు ఉంది, మొగుడు లేడు, జీతం డబ్బు సుభద్రమ్మ దగ్గర ఉంది.

ఈ జీతం సంగతి మీద ఎక్కువసేపు ఆగాలి. పాతకాలపు ఇళ్లలో పనిమనిషికి జీతమంటే నెలాఖరుకి చేతిలో పడే నోటు ఒక్కటే కాదు. రెండు పూటల అన్నం, పండక్కి చీర, జబ్బు చేస్తే కషాయం, పెళ్లికో చావుకో చేబదులు, పగిలిన గాజు సామానుకి కోత, అన్నీ కలిపి ఒక ముద్ద. ఆ ముద్దలో ఏది హక్కో ఏది దయో ఎవరికీ తెలియదు, తెలియకుండా ఉండటమే యజమానికి లాభం. దీనికి తోడు "నీ డబ్బు నా దగ్గర భద్రంగా ఉంటుందిలే" అనే ఏర్పాటు. ఇందులో మోసం చేసే ఉద్దేశం ఉండనక్కర్లేదు. సుభద్రమ్మ నిజంగానే మంచి మనిషి, పోలమ్మ మొగుడు తాగి తగలేస్తాడనే మొదట్లో దాచడం మొదలుపెట్టింది. అయినా లెక్క వేయండి. ఉదాహరణకి నెలకు 5 రూపాయల చొప్పున 20 ఏళ్లు దాచితే 1200. ఏడాదికి 5 శాతం చక్రవడ్డీ వేస్తే దాదాపు 2000. కూతురి పెళ్లప్పుడు సుభద్రమ్మ 1200 లెక్కపెట్టి ఇస్తుంది, పైన ఒక పట్టుచీర పెడుతుంది, పోలమ్మ కాళ్లకు మొక్కుతుంది. 800 రూపాయలు ఎక్కడికి పోయాయో ఎవరూ అడగరు, ఎవరికీ తెలియదు కూడా. పాఠకుడికి మాత్రం తెలియాలి. మొదట్లో పెద్దాయన గుమాస్తాకి వడ్డీ లెక్కలు నేర్పే సన్నివేశం ఒకటి పెడితే చాలు, రచయిత నోరు విప్పక్కర్లేదు. జీతం అంకెను మాత్రం ఊహించి వేయకండి. తెలిసినవాళ్ల ఇళ్లలో పాత పద్దుపుస్తకాలు ఉంటాయి, అందులో పాలవాడి బాకీ కిందే పనిమనిషి జీతం కూడా రాసి ఉంటుంది.

చిల్లర విషయంలో ఒక చిన్న మెలిక మీకు పనికొస్తుంది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారు అణాల లెక్క పోయి నూరు నయాపైసలు వచ్చాయి. మార్పిడి పట్టిక ప్రకారం ఒక అణాకి 6 పైసలు, రెండణాలకి 12, మూడణాలకి 19, పావలాకి 25. ఆకుకూర, పచ్చిమిర్చి, కరివేపాకు ఒక్కోటి అణా చొప్పున మూడు అంగళ్లలో కొంటే 18 పైసలు. సుభద్రమ్మ పద్దులో మూడణాలు, అంటే 19. మిగిలిన పైసా ఎవరిది? పోలమ్మ దాన్ని కొంగుకి ముడేసుకుంటుందా, తెచ్చి బల్ల మీద పెడుతుందా? ఆమె వయసప్పుడు 28. నేనైతే కొన్ని నెలలు తెచ్చి ఇప్పిస్తాను, ఒకరోజు నుంచి ఇవ్వడం మాన్పిస్తాను. ఎందుకు మానేసిందో చెప్పను.

ఇక వంటిల్లు. ధనిక-పేద తేడా చూపడానికి కన్నీళ్లూ, చెంపదెబ్బలూ అక్కర్లేదు. పని ఎక్కడ ఆగుతుందో చూపండి. ఆవకాయ తీసుకోండి. కాయలు బేరమాడి తెచ్చేది పోలమ్మ. కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టి, టెంక మీద ఒక్క వేటుతో నరికేది పోలమ్మ. టెంకలోపలి జీడి తీసి, పొర గీరి, ముక్కని పొడిగుడ్డతో తుడిచేది పోలమ్మ. మిరపకాయలూ ఆవాలూ ఎండబెట్టి దంచేది పోలమ్మ. నాలుగు కొలతల ముక్కలకి కొలత కారం, కొలత ఆవపిండి, కొలతకి కాస్త తక్కువ ఉప్పు. ఈ కొలత తెలిసిందీ పోలమ్మకే, ఏ ఏడు కాయ పులుపు తక్కువగా ఉందో చూసి ఉప్పు సవరించేదీ ఆమే. కానీ నూనె పోసి కలిపే క్షణానికి ఆమె గడప ఇవతలికి వచ్చేయాలి. కలిపేది తలస్నానం చేసి మడి కట్టుకున్న సుభద్రమ్మ. జాడీ ముట్టుకోకూడదు. పోలమ్మ గడప బయట నిలబడి "ఇంకో గరిటె నూనె పొయ్యండమ్మా, ముక్క పైకి తేలతా ఉండాది" అంటుంది. సుభద్రమ్మ పోస్తుంది. ఈ ఒక్క సన్నివేశంలో మీరు ఉపన్యాసాలకు ఖర్చుపెట్టిన పదకొండు పేజీలూ ఇమిడిపోతాయి. ఇరవై ఏళ్ల తర్వాత సుభద్రమ్మకి చేతులు పట్టేస్తాయి. ఎవరూ ఏమీ అనకుండా పోలమ్మ గడప దాటి కలిపేస్తుంది. ఆ ఏడాది ఆవకాయకి బూజు పట్టించకండి. పట్టిస్తే శాపంలా ఉంటుంది. పట్టకపోతేనే, ఇన్నాళ్లూ ఆమెని గడప బయట నిలబెట్టింది దేనికని పాఠకుడికి గుచ్చుకుంటుంది.

అలాంటివి ఇంకా ఉన్నాయి. పోలమ్మ కొబ్బరిపీచుతో, బూడిదతో తోమి బోర్లించిన గిన్నెల మీద ఇంటావిడ మళ్లీ నీళ్లు చల్లి లోపలికి తీసుకోవడం. పెరటి గోడ గూట్లో ఆమెకు వేరుగా ఉండే సత్తు పళ్లెం, గ్లాసు. కాలం మారాక స్టీలు గ్లాసు వస్తుంది, అదీ వేరుగానే ఉంటుంది. ఈ వస్తువులు తరానికోసారి కనబడితే చాలు, ప్రతి అధ్యాయంలో పెట్టకండి.

మీ చిత్తుప్రతిలో పూర్తిగా తప్పిపోయినదొకటి ఉంది: పోలమ్మ కింద ఎవరూ లేరు. అలా ఉండదు. ఆ ఇంట్లో వంటమనిషి పోలమ్మని వంటింట్లోకి రానివ్వదు. చాకలి మనిషితో పోలమ్మకి సమానపు తగాదా. ఇంటి వెనక సందులోంచి దొడ్డి శుభ్రం చేయడానికి వచ్చే మనిషిని పోలమ్మే పెరట్లోకి రానివ్వదు, నీళ్లు ఎత్తి పోస్తుంది. మద్రాసు పారిశుద్ధ్య పనివాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది, నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లతో సహా. కాబట్టి ఆ మనిషి పోలమ్మ యాసలోనే పలకరిస్తుంది, అయినా ఆమె దూరంగా ఉండమంటుంది. కులం అనే మాటను మీరు నవలంతా తప్పించుకుంటూ "పేదవాళ్లు" అని నెట్టుకొచ్చారు. తెలుగు పాఠకుడు పేరు వినగానే, ఊరు వినగానే పోల్చుకుంటాడు, మీరు చెప్పకపోతే దాచారని అనుకుంటాడు. పోలమ్మ ఎవరో, ఆ సందు మనిషి ఎవరో తేల్చి రాయండి. బాధితురాలు ఇంకొకరిని బాధపెట్టడం చూపితే ఆమె మీద జాలి తగ్గుతుందని భయపడకండి, నమ్మకం పెరుగుతుంది.

పిలుపుల విషయంలో ఒక్క సవరణ చాలు. సుభద్రమ్మ కొడుకు శ్రీధర్ని ఎత్తుకుని తిప్పింది పోలమ్మ. "ఒరే చిన్నోడా, తినరా" అంటుంది. మీ నవలలో వాడికి నలభై ఏళ్లు వచ్చినా అలాగే అంటుంది. అలా సాగదు. వాడికి పదీ పన్నెండేళ్లు వచ్చేసరికి ఒకరోజు ఎవరూ చెప్పకుండానే "చిన్నయ్యా, భోంచెయ్యండి" అవుతుంది. వాడు మాత్రం ఆమెకు డెబ్బై వచ్చినా "పోలమ్మా, నువ్వు" అనే అంటాడు. చదువుకున్న కోడలు వచ్చి "ఆయా" అంటుంది, అమెరికా మనవరాలు "పోలమ్మ ఆంటీ" అంటుంది. ఎవరి ఆప్యాయత వారిదే, ఆమె మాత్రం అందరికీ "అండీ".

యాస గురించి: పోలమ్మ మాటలు మాత్రమే యాసలో రాసి ఇంటివాళ్లకు పుస్తకాల తెలుగు పెట్టారు. మద్రాసు తెలుగువాళ్ల మాట కూడా యాసే, అందులో అరవం బోలెడు. వాళ్లు రసం అంటారు, పోలమ్మ చారు అంటుంది. మూడో తరం వచ్చేసరికి ఆ ఇంట్లో నిండుగా తెలుగు మాట్లాడే మనిషి పోలమ్మ ఒక్కతే మిగులుతుంది. పోలమ్మ కూతురు రమణ కార్పొరేషన్ బడిలో అరవం చదివింది. 1956లో మొదలైన మధ్యాహ్న భోజనం ఆ పిల్లని బడిలో నిలబెట్టింది. శ్రీధర్ కాన్వెంటులో ఇంగ్లీషు చదివాడు. రమణ ఫీజు మేమే కట్టామని ఇంట్లో అందరూ చెప్పుకుంటారని రాశారు. కార్పొరేషన్ బడికి ఫీజేమిటి? పలకా పుస్తకాలూ కొనిచ్చి ఉంటారు. ఈ పొరపాటుని తీసేయకండి, ఇంటివాళ్ల నోట అలాగే ఉంచి, ఒకచోట రమణ చేత నవ్వించండి.

నగ పోయిన అధ్యాయం అరిగిపోయిన దారి. అయినా ఉంచాలనుకుంటే నగ దొరికిన తర్వాత నుంచి మొదలుపెట్టండి. పోలమ్మ ట్రంకుపెట్టె వెతికారు, గాజు బీరువా వెనక దొరికింది. ఎవరూ క్షమాపణ అడగరు. మర్నాడు ఒక కొత్త చీర వస్తుంది. మీరు ఆమె చేత ఆ చీరని కళ్లకద్దించారు. బదులుగా, పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చేవాడు వీధిలో కేకేసినప్పుడు ఆ కొత్త చీర మడత విప్పకుండా ఇచ్చేసి మూత ఉన్న గిన్నె తీసుకోమనండి. బేరం గట్టిగా ఆడాలి.

ఓటు, రేషను కార్డు లాంటి కాగితాలు కొద్దిగా వాడుకోండి. మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికీ గుర్తు అంటించిన వేరే పెట్టె ఉండేది. ఇరవై ఒకటి నిండిన ఇద్దరు స్త్రీలు, ఒకే వరుస, ఒకే సిరా. పోలమ్మ వెనక నిలబడుతుందా, ముందా? అంతకు మించి దాన్ని లాగొద్దు.

చివరి అధ్యాయం దగ్గర మాత్రం గట్టిగా చెప్పాలి. 2015 డిసెంబరు వరదలో పోలమ్మ నడుం లోతు నీళ్లలో దిగి కుటుంబం ఫోటో కాపాడి చనిపోతుందని రాశారు. ఆమెకు అప్పటికి 86 ఏళ్లు. ఆ నీళ్లలో నిలబడటమే జరగదు. పైగా నవల మొత్తంలో సంపాదించుకున్న మనిషితనాన్ని చివర్లో మళ్లీ విగ్రహం చేసేసినట్టవుతుంది.

అసలు క్లైమాక్సు మీ చిత్తులోనే ముందు ఉంది, రెండు వాక్యాల్లో దాటేశారు. 1998లో సుభద్రమ్మ పోతూ వీలునామాలో "పోలమ్మ బతికున్నంతకాలం వెనక గదిలో ఉండవచ్చు" అని రాసింది. 2001లో పిల్లలు బంగళాని బిల్డరుకి ఇస్తారు. ఇప్పుడు చట్టం మీ చేతికి కథ ఇస్తోంది. మద్రాసు నగర పరిధిలోని ఇంటిమీద హిందువులు రాసిన వీలునామాని అమలు చేయించుకోవాలంటే అప్పట్లో హైకోర్టు ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ధ్రువీకరణ, కావాల్సిందే, కాబట్టి పిల్లలు ఆ వీలునామా మీదే హక్కు చూపిస్తే దాన్ని బీరువాలో దాచి పని కానివ్వలేరు. బిల్డరు లాయరు కాగితాలు చదివి, ఆ గది మీద హక్కు వదులుకుంటూ పోలమ్మ విడుదల పత్రం రాసివ్వందే ఖాళీ స్థలం చేతికి రానట్టేనని అంటాడు. డెబ్బై రెండేళ్ల ఆమె జీవితంలో మొదటిసారి ఆ కుటుంబానికి ఆమె సంతకం కావాలి. శ్రీధర్ ఆ రోజు మొదటిసారి ఆమెను "మీరు" అంటాడు. పెరటి గడప మీద కాకుండా హాల్లో సోఫా మీద కూర్చోమంటాడు.

ఇక్కడ పోలమ్మ ఏం అడుగుతుంది? ఆమె ఏమీ అడగదు, వేలిముద్ర వేసేస్తానంటుంది. రమణ ఒప్పుకోదు. కార్పొరేషన్ స్కూల్లో ఆయాగా పనిచేసిన మనిషి, కాగితం విలువ తెలుసు. తల్లీకూతుళ్ల గొడవలోనే మీ నవల అసలు ప్రశ్న ఉంది, దానికి కనీసం ముప్పై పేజీలు ఇవ్వండి. పోలమ్మ వాదన బలంగా ఉండాలి: సుభద్రమ్మ మాట మీద వచ్చిన గదిని సుభద్రమ్మ పిల్లలకి అమ్ముకోవడం ఆమెకు నామోషీ. రమణ వాదనా అంతే బలంగా ఉండాలి: 63 ఏళ్ల పనికి గ్రాట్యుటీ ఎవరిస్తారు? దీన్ని మీరు తేల్చకండి, ఒక మొత్తం దగ్గర ఆగనివ్వండి, ఇద్దరికీ సరిపోని మొత్తం. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అందరి బొటనవేలి ముద్రా తీసుకుంటారు, చదువుకున్నవాళ్లదీ తీసుకుంటారు. శ్రీధర్ ముద్ర నల్లగా, గీతలు స్పష్టంగా పడుతుంది. అరవై ఏళ్లు బూడిదా సబ్బూ తిన్న పోలమ్మ వేలికి గీతలే మిగల్లేదు, మచ్చలా పడుతుంది. గుమాస్తా మళ్లీ అద్దమంటాడు. మళ్లీ అదే మచ్చ.

ఆ డబ్బుతో రమణ సైదాపేటలో అడయారు ఒడ్డున పోరంబోకు స్థలంలో ఒక చిన్న ఇల్లు కొంటుంది, పట్టా ఉండదు. అప్పుడు 2015 వరద సరైన చోట కొడుతుంది. టి.నగర్ అపార్టుమెంటు మూడో అంతస్తులో శ్రీధర్‌కి కరెంటు మాత్రమే పోతుంది, అడయారు ఒడ్డున ఇల్లే పోతుంది. ఆ వరద తర్వాత నది ఒడ్డు కుటుంబాలను చాలామందిని పెరుంబాక్కంలో మురికివాడల బోర్డు కట్టిన ఇళ్లకు తరలించారు, టి.నగర్‌కి దాదాపు 20 కిలోమీటర్లు. పోలమ్మ మనవరాలు ఇళ్లలో పనికి రావాలంటే తెల్లవారుజామున బస్సెక్కాలి. చిన్నప్పుడు పోలమ్మ వంటింటి వసారాలో పడుకునేది, గడప ఇవతల. ఇప్పుడు ఆ దూరం ఎంతో పాఠకుడే కొలుచుకుంటాడు.

పోలమ్మని చంపొద్దు. నవల మొత్తం మీద ఆమె గురించి ఇంటివాళ్లు "మా ఇంటి మనిషే" అనే మాట రెండుసార్లకు మించి వస్తే కొట్టేయండి, మీ ప్రతిలో అది పంతొమ్మిదిసార్లు ఉంది. ఇంటివాళ్లెవరూ లేని సన్నివేశం తరానికి ఒకటైనా ఉండాలి: ఊళ్లో పోలేరమ్మ జాతర, సైదాపేట రేషను క్యూ, చాకలి మనిషితో తగాదా. సవరణ మొదలుపెట్టేటప్పుడు ముందు నుంచి కాకుండా 2001 నుంచి వెనక్కి రండి. విడుదల పత్రం మీద ఆ ముద్ర ఎంత ఖరీదో తేలితే, 1938లో ఆ పిల్లని రైలు దించినప్పుడు గుమాస్తా ఏం చూడాలో మీకు తెలుస్తుంది.